పెట్రోలు దూరంగా, ట్యాపు చేతి కింద

అల్వాల్,
సికింద్రాబాద్.

అమ్మలూ,

అమ్మమ్మ మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి. నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు గ్యారేజీలో కడుతున్న విమానం డ్రాయింగులు నాలుగూ శుక్రవారం అందాయి. ఫోన్లో పంపితే తాతయ్యకి గీతలు ఆనవని పెద్ద కాయితాల మీద ప్రింటు తీయించి పోస్టులో పంపావు. ఆ ఒక్క పనికే నిన్ను పదిసార్లు తలుచుకున్నాం. భూతద్దం పట్టుకుని రెండు రోజులు వాటి ముందే కూర్చున్నాను. మూడో రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీ పనితనం మీద నాకు అనుమానం లేదు. తోక భాగం ఫొటోలో రివెట్లు చూశాను. వరస ఎక్కడా వంకర పోలేదు, తల ఒక్కటీ నలగలేదు. ఎయిర్‌ఫోర్సులో చేరిన కొత్తలో తాంబరంలో మాకు పని నేర్పిన ఇన్‌స్ట్రక్టరు చూసుంటే ఏమీ అనకుండా ముందుకి నడిచేవాడు, ఆయన దగ్గర అదే మెచ్చుకోలు. నా బెంగంతా పెట్రోలు గురించి. మీ అమ్మ ఫోన్లో "ఇంకో ట్యాంకేదో పెడుతుందట నాన్నా, ఓష్‌కోష్ దాకా ఎక్కడా దిగకుండా పోవాలట" అన్న రోజే మనసు కలుక్కుమంది.

ట్యాంకు ఎక్కడ పెట్టాలి తాతయ్యా, ముక్కులోనా, సీటు వెనకా, రెక్కల్లోనా అని సూటిగా అడిగావు. సూటిగానే చెబుతాను. రెక్కల్లో. కానీ ఎందుకో వినకుండా ఒప్పుకుంటే నువ్వు నా మనవరాలివే కావు కాబట్టి మిగతా రెండూ ఎందుకు వద్దో కూడా రాస్తాను.

ముక్కులో ట్యాంకు అంటే ఇంజనుకీ ప్యానెల్‌కీ మధ్య, సరిగ్గా నీ మోకాళ్ళ మీదికి వస్తుంది. అలా ప్లాను గీసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉంటే వంటింట్లో కుళాయి తిప్పగానే నీళ్ళొచ్చినట్టు, ట్యాంకు కార్బురేటర్ కన్నా ఎత్తులో ఉంటే పెట్రోలు దానంతటదే దిగుతుంది. పంపు లేదు, కరెంటు లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. పైపర్ కబ్‌లో అంతే. ప్యానెల్ ముందు 12 గాలన్ల ట్యాంకు, దాని మూతలోంచి పైకి నిలబడ్డ ఓ తీగ, తీగ అడుగున బెండు. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. పైలట్ అద్దంలోంచి ఆ తీగనే చూసుకుంటాడు. అంతకన్నా నిజం చెప్పే గేజీని నేనింకా చూడలేదు. పైగా బరువు మధ్యకి దగ్గరగా ఉంటుంది గనక పెట్రోలు ఖర్చయినా విమానం తూకం పెద్దగా మారదు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

అయినా నీకు వద్దు. విమానం దేనికైనా గుద్దుకుంటే ఇంజను వెనక్కి వస్తుంది. ఇంజను వెనకుండే గోడ, అదే ఫైర్‌వాల్, మడత పడుతుంది. ఆ మడతకీ నీ ఒడికీ మధ్య 60 లీటర్ల పెట్రోలు ఉండటం నేను ఊహించలేను. తాంబరంలో ట్రైనింగులో ఉన్నప్పుడు లైబ్రరీలో ఓ పాత పుస్తకం చూశాను, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫొటోలు. స్పిట్‌ఫైర్‌లో పైలట్ ముందు ఒకదానిమీద ఒకటిగా రెండు ట్యాంకులు, మొత్తం 85 ఇంపీరియల్ గాలన్లు, అంటే 386 లీటర్లు. దానికి తూటా తగిలితే మంట ప్యానెల్ లోంచే లోపలికి తన్నుకొచ్చేది. మొహం, చేతులు, అవే ముందు కాలేవి. ఇంగ్లండులో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే ఊళ్ళో ఆర్కిబాల్డ్ మెకిండో అనే డాక్టరు వాళ్ళకి ముక్కులూ రెప్పలూ పెదవులూ కొత్తగా కట్టాడు. ఆ రోగులంతా కలిసి 1941లో గినీ పిగ్ క్లబ్ అని పెట్టుకున్నారు. యుద్ధం ముగిసేసరికి అందులో 649 మంది. ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు. అప్పుడు నాకు పంతొమ్మిది. ఆ పుస్తకం చూసిన రాత్రి మెస్సులో అన్నం తినలేకపోయాను.

అంతకుముందు మొదటి యుద్ధంలో డీహెచ్-4 అని ఓ విమానం ఉండేది. పైలటుకీ వెనక కూర్చునేవాడికీ మధ్యన ట్యాంకు. ఒకరి మాట ఒకరికి వినపడదు, నేలకి తగిలితే ఆ ట్యాంకు వచ్చి పైలటుని ఇంజను మీదికి నొక్కుతుంది. దాన్ని మండే శవపేటిక అనేవాళ్ళు. తర్వాత అమెరికావాళ్ళు చేసిన డీహెచ్-4బీలో పైలటునీ ట్యాంకునీ చోట్లు మార్చారు. నూరేళ్ళ కిందటే నేర్చుకున్న పాఠం తల్లీ ఇది. మనం మళ్ళీ ఒళ్ళు కాల్చుకుని నేర్చుకోనక్కర్లేదు.

నువ్వు వేళకి తింటున్నావా? ఫొటోలో మెడ ఎముకలు కనపడుతున్నాయని అమ్మమ్మ నాలుగుసార్లు అంది. గ్యారేజీలో అర్ధరాత్రి దాకా పనిచేసి పెరుగన్నంతో సరిపెట్టుకోకు. డ్రిల్లు పట్టినప్పుడు కళ్ళద్దాలు, చెవులకి బిరడాలు. జుట్టు ముడి వేసుకో, జడతో డ్రిల్ ప్రెస్ దగ్గరికి వెళ్ళకు. ఇది నేను మీ అమ్మకీ చెప్పలేదు, దానికి ఇలాంటి పిచ్చి లేకపోయింది.

ఇక సీటు వెనక పది గాలన్లు. నీ ఓష్‌కోష్ కోరిక నాకు అర్థమవుతుంది. జూలై నెలాఖరున విమానాల పండక్కి ఆకాశంలోంచి అక్కడ దిగాలని ఉండదూ మరి. కానీ లెక్క చూడు. గాలను పెట్రోలు ఆరు పౌండ్లు, పది గాలన్లు అరవై పౌండ్లు, అంటే 27 కిలోలు. విమానం ముందుకి గుద్దుకున్నప్పుడు మనిషి వెనక ఉన్న వస్తువు తన బరువుకి 18 రెట్ల తోపు ముందుకి పడినా ఊడి రాకూడదని చిన్న విమానాల ప్రమాణాల్లో చాలాకాలంగా ఉంది. 27ని 18తో గుణించు. దగ్గర దగ్గర అయిదు క్వింటాళ్ళు నీ వీపు మీదికి వస్తాయి. నువ్వు గీసిన రెండు పట్టీలూ నాలుగు స్క్రూలూ అయిదు క్వింటాళ్ళు ఆపుతాయా? ట్యాంకు కారితే ఆ ఆవిరంతా నువ్వు పీల్చే గాలిలోకే వస్తుంది. లోపల ట్యాంకు పెట్టాలంటే దాని చుట్టూ ఆవిరి దూరని ఇంకో పెట్టె కట్టి, ఆ పెట్టెకి బయటికి గాలి గొట్టం, కింద కారినది బయటికి పోయే గొట్టం పెట్టాలి. నీ మూడో డ్రాయింగులో ఆ పెట్టె లేదు.

తూకం సంగతి ఇంకా మొండిది. యుద్ధకాలపు ముస్టాంగ్‌కి దూరం పెంచడానికి సీటు వెనక 85 గాలన్ల ట్యాంకు పెట్టారు. బెర్లిన్ దాకా వెళ్ళగలిగింది నిజమే. కానీ అది నిండుగా ఉంటే విమానం తోక బరువెక్కి మాట వినేది కాదు, అందుకని పైలట్లు ముందు ఆ ట్యాంకునే చాలావరకు కాల్చేసి తర్వాత మిగతావి వాడేవాళ్ళు. రోజూ యుద్ధానికి పోయేవాళ్ళకే అంత జాగ్రత్త కావలసి వచ్చింది. ఆదివారం పూట ఎగిరే నీకెందుకది? ఆర్‌వీ-12లో సీట్ల వెనకే ట్యాంకుందిగా అని నువ్వు వాదిస్తావని తెలుసు. ఉంది. వాళ్ళు మొదటి గీత గీసిన రోజు నుంచీ ఆ 20 గాలన్లని లెక్కలో పెట్టుకుని విమానం మొత్తాన్ని దాని చుట్టూ కట్టారు. నువ్వు కట్టిన ఇంటికి ఇప్పుడు వెనక గది అతికిస్తానంటున్నావు. రెండూ ఒకటి కావు.

మీ విచిటా నుంచి ఓష్‌కోష్ తిన్నగా పోతే వెయ్యి కిలోమీటర్లు. మధ్యలో అయోవా ఉంది. ఎక్కడో ఓ చిన్న ఎయిర్‌పోర్టులో దిగు. పెట్రోలు పోయించుకో, కాళ్ళు చాపుకో, మీ అమ్మకి ఫోన్ చెయ్యి, మళ్ళీ ఎగురు. ఆ పది గాలన్లు అక్కడ నేల మీద నీకోసం ఉన్నాయి. వీపు మీద మోసుకుపోవడమెందుకు?

అందుకే రెక్కలు. స్పార్ దూలానికి ముందు, మొదటి గడుల్లో. మనిషికి దూరంగా ఉంటుంది, ఒలికినా బయటే ఒలుకుతుంది. చెట్టుకో స్తంభానికో ముందు తగిలేది రెక్కేగా అంటావేమో, తగలనీ. రెక్క పోతే పోతుంది. కాకపోతే రెక్క విరిగేటప్పుడు ట్యాంకుని చీల్చుకుపోకుండా చూసుకో. ట్యాంకుని బాడీకి పట్టి ఉంచే పట్టీకి గుండ్రటి రంధ్రం కాకుండా అంచు దాకా తెరిచిన గాడి పెడితే, రెక్క వెనక్కి పోయినప్పుడు బోల్టు జారి బయటికొస్తుంది, ట్యాంకు ఒలిచినట్టు చిరగదు. రెక్క మొదట్లో బిర్రుగా అల్యూమినియం గొట్టం కాకుండా వంగే హోసు పెట్టి, కాస్త వదులుంచు. 1970 నుంచీ అమెరికా ఆర్మీ తన కొత్త హెలికాప్టర్లకి చీలని సంచి ట్యాంకులూ, లాగితే తెగి రెండు వైపులా వాటంతటవే మూసుకునే జాయింట్లూ పెట్టింది. బతికి బయటపడదగ్గ ప్రమాదాల్లో మంటకి చనిపోవడం అన్నది వాళ్ళ దగ్గర దాదాపు ఆగిపోయింది. నీకు ఆ ఖరీదైన సరుకు దొరక్కపోవచ్చు. వదులుగా ఉన్న హోసు మాత్రం దొరుకుతుంది.

రెక్క కిందుంది కాబట్టి పంపు తప్పదు. ఇంజను తిప్పే పంపొకటి, దానికి తోడు కరెంటు పంపొకటి. కరెంటు పంపుని ఫైర్‌వాల్ ముందు, సైలెన్సర్ పక్కన పెట్టకు. పెట్రోలుని లాగితే ఆవిరవుతుంది, తోస్తే కాదు. అందుకే పంపు కిందగా, ట్యాంకుకి దగ్గరగా, చల్లగా ఉండాలి. మీ కేన్సస్ ఎండల సంగతి టీవీలో చూస్తూనే ఉన్నాను, మన విజయవాడకి తీసిపోవు. విమానం ముక్కు పైకెత్తి, పైపు చివర డబ్బా పెట్టి, గడియారం చూసుకుంటూ కొలువు. నిండు పవర్లో నీ ఇంజను గంటకి 8 గాలన్లు తాగితే, పంపుతో గంటకి 10 గాలన్ల లెక్కన డబ్బాలో పడాలి. పెట్రోలు ఎత్తు నుంచి దిగే పద్ధతయితే 12 పడాలి. తగ్గితే ఎగరొద్దు. అంతే, దానికి చర్చ లేదు.

గాలి గొట్టాల సంగతి రాయడం మరిచిపోయాను. ట్యాంకుకో గొట్టం, విడివిడిగా. మన పెరట్లో కుమ్మరి పురుగు తలుపు గొళ్ళెం రంధ్రంలో మట్టితో గూడు కట్టేది, గుర్తుందా? నువ్వు పుల్లతో పొడుస్తుంటే అమ్మమ్మ కోప్పడేది. ఆ జాతి పురుగులు మీ దగ్గరా ఉన్నాయి. వెంటు గొట్టంలో ఒక్క గూడు కడితే చాలు, గాలి లోపలికి పోదు, పెట్రోలు బయటికి రాదు, ట్యాంకు నిండా పెట్రోలున్నా ఇంజను ఆగిపోతుంది. ఎగిరే ముందు ప్రతిసారీ వేలు పెట్టి చూడు.

ఇంతవరకూ రాసినదంతా నీకు ఎవరైనా చెప్పగలరు. ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్ళ మీ సంఘం చాప్టర్లో టెక్నికల్ కౌన్సెలర్ ఉంటాడు, డబ్బు తీసుకోకుండా గ్యారేజీకి వచ్చి చూస్తాడట, ఆయన్ని పిలువు. నన్ను నిద్ర పోనివ్వనిది నాలుగో డ్రాయింగు.

అందులో ట్యాపు ఉంది. మీరు సెలెక్టర్ అంటున్నారు, మేం ఫ్యూయల్ కాక్ అనేవాళ్ళం, నా వరకూ అది ట్యాపే. నువ్వు దాన్ని సీటు వెనక గోడకి, ఎడమ భుజం వెనక బిగించావు. పైపులన్నీ ఆ గోడ అవతలే ఉండేలా చేసి, పక్కన పెన్సిలుతో "కాక్‌పిట్‌లో పెట్రోలు ఉండకూడదు, తాతయ్య మాట" అని రాసుకున్నావు. ఆ అక్షరాలు చూసి నా చెయ్యి వణికింది. నిప్పంటే నీకు భయం నేర్పింది నేనే. నీ ఆరేళ్ళప్పటి నుంచీ దీపావళికి బకెట్టు నీళ్ళు పెట్టి, కాకరపువ్వొత్తిని కూడా చేతికి ఆనకుండా కొసన పట్టించి, నిప్పు, నిప్పు అని నూరిపోశాను. ఆ భయమే ఇప్పుడు నీ చేతినుంచి ట్యాపుని లాక్కుపోయి వీపు వెనక పెట్టింది.

జాన్ డెన్వర్ పేరు విన్నావా? పాటగాడు. మీ అమ్మ కాలేజీ రోజుల్లో ఆయన క్యాసెట్ అరిగేదాకా వింది. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటెరే నుంచి తను కొత్తగా కొన్న లాంగ్-ఈజీలో ఎగిరాడు. అది బర్ట్ రూటన్ గీసిన ప్లాను, ఇంకెవరో ఇంట్లో కట్టుకున్న విమానం. ప్లాను ప్రకారం ట్యాపు పైలట్ కాళ్ళ మధ్య ముందు వైపు ఉండాలి. కట్టినాయన కాక్‌పిట్‌లో పెట్రోలు పైపులు వద్దనుకుని దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక గోడకి మార్చాడు. విన్నావా అమ్మలూ? సరిగ్గా నువ్వు గీసిన చోటే. సరిగ్గా నువ్వు చెప్పిన కారణానికే.

ఆ ట్యాపు మీద ఎటు తిప్పితే ఏ ట్యాంకో గుర్తు లేదు. పెట్రోలు ఎంతుందో చూపే గాజు కూడా వెనకే, దాని మీదా అంకెలు లేవు. పెట్రోలు పోయించమంటారా అని అడిగితే గంటేగా ఎగిరేది, వద్దన్నాడట. గాల్లో ఒక ట్యాంకు అయిపోయింది. రెండో ట్యాంకుకి తిప్పాలంటే కుడిచేతిని ఎడమ భుజం మీదుగా వెనక్కి చాపాలి, దానికి ఒళ్ళంతా తిరగాలి. ఒళ్ళు తిరిగినప్పుడు ఊతకోసం కుడికాలు దానంతటదే ముందుకి తన్నుకుంటుంది. కుడికాలి కింద ఉన్నది రడ్డర్ పెడల్. విచారణ చేసినవాళ్ళు అలాంటి సీట్లో కూర్చుని చూశారు, ఆ కాలు అలాగే పోయింది. విమానం తిరగబడి సముద్రంలో పడింది. అందుకోలేని చోట గుర్తుల్లేని ట్యాపు పెట్టాలన్న కట్టినవాడి నిర్ణయాన్ని వాళ్ళు కారణాల్లో ఒకటిగా రాశారు. మంటకి భయపడి మార్చిన ట్యాపు తల్లీ అది. మంట రానేలేదు.

మీ తాతయ్య చేతక్ నీకు గుర్తుంటుంది, ముందు నిలబడి హారను కొట్టేదానివి. సీటు కింద ట్యాంకు, దాని ముందు కాళ్ళ దగ్గర ట్యాపు. బండి గుక్కపట్టినట్టు నసిగితే కిందికి చూసేవాణ్ణి కాదు. ఎదురుగా లారీ వస్తున్నా సరే, కళ్ళు రోడ్డు మీదే ఉంచి చెయ్యి దించి రిజర్వుకి తిప్పేవాణ్ణి. ఆ చెయ్యికి చోటు తెలుసు. రిజర్వు కూడా అయిపోతే బండిని ఓ పక్కకి ఒరిగించి అడుగున మిగిలింది ట్యాపు వైపుకి తెచ్చుకునేవాళ్ళం, అదీ చూశావు. రెక్క ట్యాంకులోనూ పెట్రోలు తక్కువైనప్పుడు విమానం ఒరిగితే గొట్టం నోటికి పెట్రోలు అందదు, గాలే అందుతుంది. అందుకే లోపల అడ్డు పలకలు పెట్టాలి, అందుకే ఆఖరి చుక్కల మీద దిగకూడదు. స్కూటరయితే రోడ్డు పక్కన ఆపుకుంటాం.

ఎయిర్‌ఫోర్సులో చేరకముందు నేను ఓ ఫ్లయింగ్ క్లబ్బులో ఏడాదిపాటు హెల్పరుగా ఉన్నానని నీకు తెలుసు. అక్కడి టైగర్ మాత్ గురించి చాలాసార్లు చెప్పాను. పై రెక్క మధ్యలో 19 గాలన్ల ట్యాంకు, పైలట్ తలకి ఎగువన. నిచ్చెనెక్కి షామీ తోలు వేసిన గరాటులో పెట్రోలు వడకట్టడం నా పని. తోలు నీళ్ళని ఆపుతుంది, పెట్రోలుని పోనిస్తుంది. వడకట్టే ముందు డబ్బాకీ విమానానికీ తీగ కలపకపోతే మా మేస్త్రీ చెవి మెలేసేవాడు. గొట్టంలో జారే పెట్రోలుకి నిప్పురవ్వ పుడుతుందని అప్పుడు నేను నమ్మలేదు. ఆయన చెవి మెలేసినందుకు ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ ఏడాదే సంక్రాంతి ముందు ఓ సాయంత్రం, ఒక ఇన్‌స్ట్రక్టరూ ఓ కుర్రాడూ ఇంజను ఆగిపోయి పక్కనున్న కోసిన వరిపొలంలో దిగారు. గట్టుకి చక్రాలు తగిలి విమానం ముక్కు మీద లేచి వెల్లకిలా పడింది. మేం పరుగెత్తాం. పై రెక్క ఇప్పుడు కింద ఉంది, ట్యాంకు మట్టిలో ఉంది, పెట్రోలు మూతలోంచి కారి దుబ్బుల్లోకి పోతోంది. ఇద్దరూ బెల్టులకి తలకిందులుగా వేలాడుతున్నారు. ఊరివాళ్ళు కొందరు నోట్లో చుట్టలతోనే పరుగెత్తుకొస్తుంటే మా మేస్త్రీ అరిచిన అరుపు నాకింకా వినపడుతుంది. నేను బెల్టు కోస్తుంటే ఇన్‌స్ట్రక్టరు తలకిందులుగా ఉండగానే నాతో అన్న మొదటి మాట: "ట్యాపు మూసేశాను, స్విచ్చులు ఆపేశాను." నేలకి తగిలే ముందే ఆయన చేతులు ఆ రెండు పనులూ చేసేశాయి. ఇంజను వేడిగా ఉంది, కానీ దానికి పెట్రోలు అందలేదు. అంటుకోలేదు. ఆ కుర్రాడికి మణికట్టు బెణికింది, అంతే. ఆయన ఆ ట్యాపు కోసం వెనక్కి తిరగాల్సి ఉంటే, ఆ సాయంత్రం ఎలా ముగిసేదో నేను రాయను.

ఇంకొక్కటి ఉంది. రాయాలా వద్దా అని ఈ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను.

అమ్మమ్మ కుడిచేతి మచ్చ నీకు తెలుసు. స్టవ్వు సంగతీ తెలుసు, మీ అమ్మ చెప్పే ఉంటుంది. తెలియనిది ఒకటుంది. అది పంపు స్టవ్వు, ఇత్తడిది. మంట ఎగదన్నితే గాలి వదిలే మర తిప్పితే చాలు, బుస్సుమని గాలి పోయి మంట చల్లారిపోతుంది. మీ అమ్మకి అప్పుడు రెండేళ్ళు, పాకుతూ నడుస్తూ ప్రతిదీ లాగేది. పిల్ల మర తిప్పుతుందేమోనని స్టవ్వుని తిప్పి, మర గోడవైపు ఉండేలా పెట్టింది నేను. అమ్మమ్మ మూడు రోజులు అలాగే వాడింది. నాలుగో రోజు పిన్ను కొడుతుంటే మంట ఎగిసింది. మర గోడవైపుంది. మంట మీదుగా చెయ్యి చాపి తిప్పింది. స్టవ్వు ఆరింది, పిల్ల పక్కనే ఉంది, పిల్లకేమీ కాలేదు. చెయ్యి మాత్రం మోచేతి దాకా కాలింది. పిల్లని కాపాడదామనే తిప్పి పెట్టాను అమ్మలూ. నువ్వూ నిన్ను కాపాడుకుందామనే ఆ ట్యాపు వెనక్కి పెట్టావు. అందుకే నిద్ర పట్టలేదు.

ఇదంతా పొద్దున్న అమ్మమ్మకి చదివి వినిపించాను. స్టవ్వు దగ్గరికి రాగానే "అది దానికెందుకు రాయడం" అంది. కాసేపాగి, "సరే, ఉండనీ" అని లోపలికి పోయింది.

కాబట్టి ట్యాపు ముందుకి రావాలి. కాళ్ళ మధ్యన గానీ, రెండు సీట్ల మధ్య దిమ్మ మీద గానీ, బెల్టు బిగించుకుని భుజం సీటుకి ఆనించి ఉండగా అందే చోట. దానికి రెండు అడుగుల పైపు కాక్‌పిట్‌లోకి వస్తుంది, రానీ. మంచి గొట్టం, మంచి జాయింటు, పైన ఓ తొడుగు, అడుగున ఓ డ్రెయిన్ రంధ్రం, చాలు. ట్యాపు పిడి ఏ ట్యాంకు వైపు చూపిస్తే ఆ ట్యాంకే రావాలి. ఎడమ, కుడి, మూత, పెద్ద అక్షరాలతో. మూత వైపుకి పొరపాటున పోకుండా దాని దగ్గర ఓ నొక్కు పెట్టు, నొక్కితే తప్ప తిరగకూడదు. తిప్పితే టక్కుమని చేతికి తెలియాలి. ప్లాస్టిక్ ట్యాపు కొనకు. ఎంత ఖరీదైనా నేనిస్తాను. ఈ నెల పెన్షన్లోంచి మీ అమ్మ అకౌంటుకి పంపుతాను, కాదనకు. ఏడాదికోసారి దాన్ని విప్పి గ్రీజు పెట్టు. బిగుసుకుపోయిన ట్యాపు లేని ట్యాపే.

మొదటి నలభై గంటలూ ఒక్కరే ఎగరాలని మీ దగ్గర రూలుండేది. కొన్ని ఇంజన్లకి ఇరవై అయిదే చాలనేవారు. ఏదైనా సరే, నువ్వు ఒక్కదానివే నలభై చెయ్యి. అంతకుముందు ఓ గంట నేల మీదే తిరుగుతూ ప్రతి అయిదు నిమిషాలకీ ట్యాపు మార్చు. ఎగిరాక ఎత్తులో, కింద ఊళ్ళు లేనిచోట, రెండు ట్యాంకులూ పనిచేస్తున్నాయో లేదో మార్చి చూడు. ఆ నలభై గంటలూ నేనిక్కడ నిద్రపోను, అది వేరే విషయం.

మామిడికాయ తొక్కు, కందిపొడి ఓ సీసాలో కట్టి ఉంచింది అమ్మమ్మ. మీ పెదనాన్న కొడుకు వచ్చే నెల అటు వస్తున్నాడు, ఇచ్చి పంపుతాం. ఓ గోధుమరంగు చిన్న డబ్బా కూడా ఉంటుంది, అది నాది, విప్పేటప్పుడు జాగ్రత్త. అందులో ఆ షామీ తోలుంది. అరవై ఏళ్ళది, ఇంకా నీళ్ళని ఆపుతుంది, కిందటి వారం పరీక్ష చేశాను.

నాలుగో డ్రాయింగు మార్చి గీసి పంపు. గీశాక ప్లైవుడ్డుతో ట్యాపు బొమ్మ చేసి అక్కడ బిగించు. సీట్లో కూర్చుని, బెల్టు బిగించుకుని, కళ్ళు మూసుకుని, కాళ్ళు పెడల్స్ మీదే ఉంచి దాన్ని అందుకో. అలా చెయ్యి దాని మీద ఉండగా ఎవరిచేతైనా ఫొటో తీయించి పంపు. ఆ ఫొటో నా చేతికొచ్చే దాకా ఫ్లోరు మూసే రివెట్లు కొట్టకు తల్లీ.

ఇట్లు,
నీ తాతయ్య